మునిగిన అడవికి ఒక పంకా

డోవికోపె రేవు,
డిసెంబరు నెలాఖరు, 1992

చిరంజీవి ఎయ్రమ్‌కు,

మీ అక్పెనే అత్త రాయడం. ఎండుచేపల లారీ వాడు అప్పుడే హారన్ మీద చెయ్యేశాడు. అందుకని పని ముందు చెబుతాను, క్షేమాలు తర్వాత.

మన పడవ పంకా పోయింది. మూడు రెక్కల్లో రెండు విరిగి సరస్సు అడుక్కి చేరాయి. మిగిలిన రెక్క ఎలుక కొరికిన పెండలం ముక్కలా ఉంది. నువ్వు తేమా రేవులో ఇంజన్ల షెడ్డులో ఉన్నావు కనుక నీకే చెబుతున్నాను. అల్యూమినియంది, మూడు రెక్కలది, పదకొండు నంబరుది, మన నలభై గుర్రాల ఇంజనుకు పట్టేది కావాలి. అదే కావాలి. అంతకన్నా మంచిదని ఇంకోటి పంపకు. ప్రస్తుతానికి ఒక చుట్టం దగ్గర అరిగిపోయిన పంకా అరువు తెచ్చి నడుపుతున్నాను. పడవ ముక్కుతూ మూలుగుతూ పోతోంది.

తొందర ఎందుకంటే, మీ డొట్సే మామ పోయి ఏడాది కావస్తోంది. ఈస్టరు వెళ్ళాక వాళ్ళ ఇంటి పెద్దలు కూర్చుని పడవా ఇంజనూ ఎవరి చేతికివ్వాలో తేలుస్తారు. "సంత ఆడవాళ్ళు అప్పటికీ అక్పెనే పడవే ఎక్కుతుంటే పడవ అక్పెనేకి. వాళ్ళు దిగిపోతే అగ్బెకోకి" అని ముందే అనేశారు. అగ్బెకో నా మరిది. నీకు గుర్తుండే ఉంటాడు, నవ్వితే ముందు పళ్ళ సందు కనిపిస్తుంది.

ఎదుటి రేవులో గోకా అని ఒకడు కొత్తగా దిగాడు. అరవై గుర్రాల ఇంజను, ఉక్కు పంకా. మేం సంతకి చేరేసరికి వాడి పడవలో వచ్చిన వాళ్ళు దుంపలు అమ్ముకుని, చేతులు కడుక్కుని, అక్ప్లే ముద్దలు తింటూ మమ్మల్ని చూసి నవ్వుతుంటారు. మనవాళ్ళు కొందరు అప్పుడే అటు మారారు.

ఇంతే. బాగా తింటున్నావా? తేమా కెంకే ముద్దలు తిని చిక్కిపోయావని మీ నాన్న అన్నాడు.

మీ అత్త,
అక్పెనే

*

తేమా, చేపల రేవు,
జనవరి

అత్తకు,

నీ ఉత్తరం చదివి కోపంతో చేతిలోని స్పానరు కిందపడేశాను. అది మా యజమాని ఒఫోరీ గారి కాలి పక్కనే పడింది. ఆయన తిట్టాడు. నేనూ ఏదో అన్నాను. నేనేమన్నానో నీకు రాయను.

నాకు కోపం నీ మీద కాదు. ఆ పెద్దల మీద. ఈ సరస్సు నిండిన దగ్గర్నుంచీ నువ్వు ఆ ఇంజను పట్టుకున్నావు. మామ ముందు కూర్చుని వలలు చూసుకునేవాడు, వెనక ఇంజను పట్టేది నువ్వు. అందరూ చూసిందే. ఆయన పోగానే ఈ చెయ్యి మంచిదా కాదా అని సంత ఆడవాళ్ళని లెక్కపెట్టి తేలుస్తారా? మా షెడ్డులోనూ ఇంతే. మూడేళ్ళుగా గేరు పెట్టెలు కిరోసిన్లో కడుగుతున్నాను. ఏ పన్ను ఎందుకు అరిగిందో చేత్తో తడిమి చెప్పగలను. అయినా నా పేరు "ఒసే, గుడ్డ పట్రా". నాకిక్కడ ఎవరూ ఏమీ నేర్పలేదు. గోడకి వేలాడే పంకాల పుస్తకం ఇంగ్లీషులో ఉంటే, నిఘంటువు పక్కన పెట్టుకుని మధ్యాహ్నం అన్నాల వేళ ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. అందుకే చెబుతున్నాను, విను.

పదకొండు నంబరంటే, పంకా ఒక్క చుట్టు తిరిగితే పడవ పదకొండు అంగుళాలు ముందుకు జరగాలని. కర్రలోకి మరమేకు దిగినట్టు. పదమూడంటే పదమూడు అంగుళాలు. గోకా గాడు పదమూడో పదిహేనో పెట్టి ఉంటాడు. నువ్వు పదకొండు పెట్టుకుని వాణ్ణి ఎలా పట్టుకుంటావు? పైగా అల్యూమినియం ఏమిటి? అది వంట గిన్నెల లోహం. ఉక్కు రెక్క పలచగా ఉంటుంది, నీళ్ళని కత్తిలా కోస్తుంది.

వెంటనే రాయి. పడవ పొడవెంత, ఎంతమంది ఎక్కుతారు, బరువేంటి, ఇంజను పూర్తిగా తిప్పితే గొంతు చించుకుని అరుస్తుందా, లేక గొంతు పట్టేసినట్టుంటుందా?

ఇంకో మాట. ఆ పంకా విరగ్గొట్టిందెవరు? నువ్వు చెట్టుకి కొట్టావంటే నేను నమ్మను. నా చిన్నప్పుడు నువ్వు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని సరస్సు దాటించిన ప్రయాణాలన్నీ గుర్తున్నాయి. ఒక్కసారి కూడా పడవ అదరలేదు.

నీ మేనకోడలు,
ఎయ్రమ్

*

డోవికోపె,
జనవరి

ఎయ్రమ్‌కు,

స్పానరు ఆయన కాలి మీద పడనందుకు దేవుడికి దణ్ణం. పడి ఉంటే నా పంకా మాట ఆయన వినేవాడా?

నువ్వడిగినవి చెబుతాను. పడవ పాతదే, మీ మామ మూడు మానులు కలిపి కట్టించింది. ఆడవాళ్ళందరూ ఎక్కితే పిడికెడు చోటుండదు. దుంపలు, చేపల బుట్టలు, మేకలు, ఒక్కోసారి పెళ్ళివారి డోళ్ళు కూడా. ఇంజను గొంతు మామూలుగానే ఉంటుంది. ముసలిదైంది, అరవమంటే అరుస్తుంది, నాలాగే.

నాకు పదకొండు కావాలంటే ఏదో ఉండే ఉంటుందని నీకు తట్టలేదు. ఆ ఇంగ్లీషు పుస్తకం రాసినవాడు మన సరస్సు మీద పడవ నడిపాడా? ఈ నీళ్ళ కింద అడవి ఉందని వాడికి తెలుసా? నీకే సరిగా తెలీదు, నువ్వు పుట్టేసరికి అంతా నీళ్ళే. ఆనకట్ట కట్టాక ఒక్క చెట్టు కూడా కొట్టించకుండా నీళ్ళు వదిలారు. అన్నీ ఇంకా నిలబడే ఉన్నాయి.

పంకా ఎవరు విరగ్గొట్టారో కొత్త పంకాకి అనవసరం. నేనే విరగ్గొట్టానని రేవులో చెప్పాను. నువ్వూ అదే అనుకో.

గాలి ఉత్తరం నుంచి మళ్ళింది, దుమ్ము మొదలైంది. బట్టలు ఆరేస్తే ఎండేలోపే ఎర్రబడుతున్నాయి. ఈసారి మసక బాగా దట్టంగా పడేలా ఉంది. పంకా త్వరగా పంపు.

అత్త

*

తేమా,
ఫిబ్రవరి మొదటివారం

అత్తా,

ఈ ఉత్తరంతోపాటు సంచిలో చుట్టి పంపింది విప్పు. ముందు విప్పి చూసి, తర్వాత చదువు.

చూశావా? ఉక్కు. పదమూడు. నాలుగు రెక్కలు. నువ్వు పంపిన డబ్బుకి నా జీతం కొంచెం కలిపాను, ఆ ఊసు మళ్ళీ ఎత్తకు. నీ ఇంజను ఇరుసు మీదికి సరిగ్గా ఎక్కేలా పళ్ళు నేనే చూసి ఎంచాను. షెడ్డులో క్వేకు అనే మేస్త్రీ, "నలభై గుర్రాలకి ఇది బరువు, అత్త ఇంజను దగ్గుతుంది" అన్నాడు. "మా అత్త చేతిలో ఇంజన్లు దగ్గవు" అన్నాను. "అయితే మీ అత్తనే ఇక్కడ పెట్టుకుందాం, నువ్వెందుకు?" అన్నాడు. నవ్వారు. నవ్వనీ.

నువ్వు అల్యూమినియం ఎందుకడిగావో ఆలోచించాను. నాకు తెలుసు. మెత్తటి రెక్క చెట్టుకి తగిలితే విరిగిపోతుంది, దెబ్బ లోపలి గేర్లదాకా పోదు. గట్టి రెక్కయితే విరగదు, దెబ్బంతా గేర్లు తినాలి. ఈ లెక్క నేను కడిగిన గేరు పెట్టెలే నేర్పాయి. కానీ అత్తా, అది చెట్లకి తగిలే వాళ్ళ గొడవ. నువ్వు తగలవు. ఆ సరస్సు మీద నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఇంత మంచి చెయ్యి ఉన్న మనిషికి, భయపడేవాళ్ళు వాడే పంకా ఇవ్వడం నాకు చేతకాలేదు. వచ్చే సంతకి గోకాని దాటి పో. నీ పడవ ముందు పోతుంటే వాడి మొహం ఎలా ఉందో చూసి, అది మాత్రం నాకు రాయి.

ఎయ్రమ్

*

డోవికోపె,
ఫిబ్రవరి

ఎయ్రమ్‌కు,

పంకా వచ్చింది. రేవులో అందరూ చూశారు. మామ్మ జిగ్బోడి అందులో మొహం చూసుకుని తలగుడ్డ సర్దుకుంది. బాగుంది, నిజంగా బాగుంది. అదే లారీలో తిరిగి పంపుతున్నాను.

కోప్పడకు. కోప్పడినా సరే, మొత్తం చదివి కోప్పడు.

నువ్వు నా ఒళ్ళో కూర్చున్న రోజుల్లో పడవ అదరలేదన్నావు. అదిరింది తల్లీ. ప్రతిసారీ అదిరింది. నీకు తెలీనంత మెల్లగా అదిరింది. నేను చెట్లకి తగలకుండా పోతానని నీకెవరు చెప్పారు? నేను తగిలే పోతాను.

ఇప్పుడీ దుమ్ములో పడవ ముందు నిలబడ్డవాడికి చేతిలోని గడ కొస కనిపించదు. ఒడ్డు లేదు, సూర్యుడు లేడు, ఏ దిక్కు ఎటో తెలీదు. గోకా లాంటివాళ్ళు మసక లేని రోజున మనకన్నా ముందు పోతారు, నిజమే. మసక రోజున అదే వేగంతో పోతే ఎక్కడ తేలతారో వాళ్ళకే తెలీదు. నేను ఇంజను దాదాపు ఆగిపోయేంత నెమ్మది చేసి, కాస్త పైకి లేపి, రెక్క కొసలతో మానుల తలలు తడుముకుంటూ పోతాను. బూరుగు నీళ్ళలో నాని దూదైపోయింది, మెత్తగా మునుగుతుంది. తాటి మాను పీచు, గరగరమంటుంది. ఓడుమ్ చేవ రాయిలాంటిది, టక్కుమని ఒక్కటే మాట అంటుంది. అదంతా ఇంజను పిడిలోంచి నా అరచేతికి వస్తుంది. ఆ అడవిలో నేను కట్టెలేరాను ఎయ్రమ్. ఏ చెట్టు తర్వాత ఏ చెట్టో, ఏ దారి ఎక్కడ మలుపు తిరుగుతుందో నాకు తెలుసు. నీళ్ళ పైన దారి లేదు కనుక నీళ్ళ కింద ఉన్న పాత దారినే పోతాను.

అందుకు మెత్తటి లోహం కావాలి. అల్యూమినియం తగిలింది తగిలినట్టు చెబుతుంది. గీతలు పడితే సాయంత్రం ఒడ్డున కూర్చుని ఆకురాయితో సాపు చేసుకుంటాను. పారలాగా అదీ అరిగిపోయే సామాను. ఉక్కు చెప్పదు. కోసేస్తుంది, లేకపోతే కొట్టేస్తుంది. ఇక పదమూడా, ఎంత నెమ్మది చేసినా ముందుకి దూకుతుంది. నాకు పాకడం కావాలి. ఎప్పుడైనా దెబ్బ గట్టిగా తగిలినా రెక్క పోతుంది, గేర్లుంటాయి, మిగిలిన రెక్కతో కుంటుకుంటూనైనా ఒడ్డు చేరతాను. నడిమధ్యలో గేర్లు పోతే అంతమందిని ఏం పెట్టి తెడ్డు వేసి తెస్తాను?

అడిగావు కనుక ఇదీ చెబుతాను, నీలోనే ఉంచుకో. పంకా విరగ్గొట్టింది అగ్బెకో. ఒక సంతనాడు చీకటిపడ్డాక తిరిగొస్తుంటే, వెనక బుట్టల చాటున మేమిద్దరమే ఉన్నప్పుడు, నేను నడుపుతాను చూడు అని పిడి తీసుకుని గోకాలాగే పోయాడు. ఓడుమ్ మీదికి ఎక్కించాడు. మా రేవులో జనాన్ని ఎక్కించుకుని పంకా విరగ్గొట్టినవాడికి మళ్ళీ ఎవరూ పిడి ఇవ్వరు, నీకు తెలిసిందే. వాడేమో అన్న పోయిన మనిషి. నేనే విరగ్గొట్టానన్నాను. నేనంటే ఒకటి విరిగినా నన్ను నమ్ముతారు అనుకున్నాను.

ఇప్పుడు సగంమంది గోకా పడవలో పోతున్నారు. మామ్మ జిగ్బోడి కూడా పోయింది. "కళ్ళు మందగించాయేమోనే అక్పెనే" అంది, ప్రేమగానే అంది.

పదకొండు పంపు.

అత్త

*

తేమా,
ఫిబ్రవరి నెలాఖరు

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ వేరేవాళ్ళ మీద కోపం వచ్చింది. అగ్బెకో మామ మీద ఎక్కువ. ఆయన నీ మంచితనం కప్పుకుని ఆ పెద్దల ముందు కూర్చుంటాడా? నీ మీద కూడా కోపంగా ఉంది, ఇంత విద్య చేతిలో పెట్టుకుని ఇన్నేళ్ళూ నాకు మాటమాత్రం చెప్పనందుకు. నేను గేరు పళ్ళు తడిమి ఏదో తెలుసుకున్నానని మురిసిపోతున్నాను. నువ్వు ఓ అడవినే తడుముతున్నావు.

సరే. పదకొండు మా షెడ్డులో లేదు. రేవు మొత్తం మీద లేదు. పదమూడులున్నాయి, కొత్తవి ఓడలో ఈస్టరు తర్వాత వస్తాయట. ఈస్టరు తర్వాత వస్తే నాకెందుకు?

వెనక తుక్కు గుట్టలో వెతికాను. పదకొండు ఒకటి దొరికింది. ఒక రెక్క సగం లేదు, రెండోది వంగింది, లోపలి రబ్బరు జారిపోయింది. ఈ రబ్బరు సంగతి నీకు చెప్పాలి. పంకాకీ ఇరుసుకీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే అది జారి గేర్లని కాపాడుతుంది. జారిపోతే మనవాళ్ళంతా ఏం చేస్తారో తెలుసా? కన్నం వేసి బోల్టు కొట్టి బిగించేస్తారు. ఖర్చు లేని పని. పంకా తిరుగుతుంది, అందరూ సంతోషం. తర్వాత చెట్టు తగిలితే దెబ్బ మొత్తం గేర్ల నోట్లోకి. నేను కడిగిన విరిగిన గేరు పెట్టెల్లో సగం ఆ బోల్టుల పుణ్యమే. గోకా పంకా కూడా మా క్వేకు మేస్త్రీ బోల్టు కొట్టినదే. మొన్న మాటల్లో వాడే చెప్పాడు, గొప్పగా.

నేను బోల్టు కొట్టలేదు. పాత రబ్బరు కాల్చి తీశాను. కొత్తది సబ్బునీళ్ళలో నానబెట్టి, లారీ జాకీని రేవు ఇనుప దూలానికి ఆనించి, లోపలికి నొక్కాను. క్వేకు చూసి "జాకీ ఎగిరి నీ పళ్ళు రాలగొడుతుంది" అన్నాడు. "రాలితే ఏరుకుంటాను, పక్కకి జరుగు" అన్నాను. ఓడల మరమ్మతు యార్డులో అల్యూమినియం అతికేవాడికి వారం రోజులు కెంకే, వేపిన చేప మోసి రెక్క పోయిన చోట లోహం పోయించాను. తర్వాత ఆకురాయి. మంచి రెక్క అచ్చు అట్ట మీద గీసుకుని దానికి సరిపెట్టాను. దారం మీద వేలాడదీసి తిప్పి, ఎటు బరువు మొగ్గితే అటు అరగదీశాను. చివరికి ఎక్కడ ఆపితే అక్కడే ఆగింది.

ఒఫోరీ గారు వచ్చి చూశాడు. చేతిలోకి తీసుకుని, వేలితో అంచు తడిమాడు. "ఇది ఎవరు చేశారు?" అన్నాడు. "నేను" అన్నాను. "ఎవరు నేర్పారు?" అన్నాడు. "మీరు మాత్రం కాదు" అన్నాను. వెళ్ళిపోయాడు. పనిలోంచి తీసేయలేదు.

అత్తా, నువ్వు చెప్పింది చదివాక రెక్క కొసలు పుస్తకంలో ఉన్నదానికన్నా కాస్త మందంగా ఉంచాను. పుస్తకం ఒప్పుకోదు. నువ్వు ఆకురాయితో సాపు చేసుకుంటావు కదా, అరగడానికి లోహం ఉండాలి.

ఎయ్రమ్

*

డోవికోపె,
మార్చి

ఎయ్రమ్‌కు,

కూర్చుని చదువు.

నీ పంకా వచ్చిన మర్నాడే బిగించాను. మొదటి మాను తగలగానే నాకు ఏడుపొచ్చింది. పాతది చెవిటిదైపోయిందని ఇన్నాళ్ళూ తెలీలేదు. నువ్వు మందంగా ఉంచిన కొసలు తగిలితే, తాటి మాను మీద పీచు ఏ వైపు తిరిగి ఉందో కూడా తెలుస్తోంది.

సంతనాడు ఎర్రటి మసక పడింది. పక్కపడవ మనిషి దగ్గితే వినపడుతోంది, మనిషి లేడు. గోకా ముందే పోయాడు, మామ్మ జిగ్బోడి, మన ఆడవాళ్ళూ అందులోనే. నా పడవలో ఓ మేకలవాడు, నలుగురైదుగురు ముసలమ్మలు. ముందు గడ పట్టుకుని అగ్బెకో.

నడిసరస్సులో గిన్నెల మీద కొడుతున్న చప్పుడు. తర్వాత అరుపులు. గోకా పడవ. మసకలో చప్పుడు నాలుగు వైపుల నుంచీ వస్తుంది, దాన్ని పట్టుకుని పోతే దొరకదు. "ఇంజను గిర్రున తిరుగుతోంది, పడవ కదలదు, అడుగున నీళ్ళు ఊరుతున్నాయి" అని గోకా అరుస్తున్నాడు. నువ్వు రాసిన బోల్టు సంగతి గుర్తొచ్చి, పంకా ఉంది, లోపల గేర్లు లేవు అనుకున్నాను.

"ఎక్కడున్నారే?" అని కేకేశాను.

"ఎక్కడని చెప్పమంటావు, నీళ్ళలో ఉన్నాం" అన్నాడు గోకా.

అప్పుడు మామ్మ జిగ్బోడి గొంతు వినిపించింది. "అక్పెనే, వాడి మాట వినకు. పడవ గుద్దుకున్నది ఓడుమ్. పక్కన నీళ్ళలో చెయ్యి పెడితే చిక్కగా సన్నటి కొమ్మలు తగులుతున్నాయి, అది చింత. మిషను బడి వెనక ఓడుమూ చింతా జంటగా ఉండేవి చూడు, అక్కడ."

ఆమెదీ నీళ్ళలో మునిగిన మా ఊరే. నాకన్నా ముందు ఆ బడికి వెళ్ళిన మనిషి.

మిషను బడికి ఎలా పోవాలో నాకు తెలుసు, ఎయ్రమ్. ముందు కల్లు తాటిచెట్ల వరస. గరగర, గరగర, ఒక్కొక్కటే లెక్క. అది దాటాక ఏమీ తగలకూడదు, అది పిల్లల ఆట మైదానం. ఏమీ తగల్లేదు. అవతల అంచున బూరుగు, మెత్తగా. అక్కడ ఎడమకి తిరిగితే బడి. అగ్బెకో గడ నీళ్ళలోకి దించి, "వదినా, అడుగున నేల లేదు, అంతా ఖాళీ, ఎక్కడికి పోతున్నాం?" అన్నాడు. "బడికి" అన్నాను. వాడు తిరిగి చూశాడు. నాకు పిచ్చి పట్టిందనుకున్నాడేమో.

టక్కుమంది. ఓడుమ్. మసకలోంచి గోకా పడవ ముక్కు మన మీదికి వచ్చింది.

తాడు కట్టి లాగాను. ఆ పడవ నిండా మనుషులు, దుంపలు, అడుగున నీళ్ళు. పదమూడుతో అయితే ఇంజను ఊపిరాడక ఆగేది. పదకొండు లాగింది. నెమ్మదిగా, ఎద్దులా. ఒకచోట అలకి పక్కకి తోసుకుని గట్టిగా ఓడుమ్‌కి కొట్టుకున్నాం. నువ్వు నొక్కిన రబ్బరు జారడం పిడిలో తెలిసింది, మళ్ళీ పట్టుకుంది. రెక్క కొస ఒకటి వంగింది. గేర్లు అలాగే ఉన్నాయి.

అందరూ ఒడ్డు చేరారు. మేకలు కూడా.

గోకా నా దగ్గరికొచ్చాడు. "బాబూ, ఆ పంకాలో బోల్టు తీయించు, ముందు" అన్నాను. "బోల్టుందని నీకెలా తెలుసు?" అన్నాడు. "తేమాలో నా కోడలుంది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం ఎలా ఉందో నువ్వు చూడాల్సింది.

అత్త

*

తేమా,
ఏప్రిల్

అత్తా,

ఈస్టరు వెళ్ళి చాలా రోజులైంది. రెండు లారీలొచ్చాయి, నీ ఉత్తరం లేదు. పెద్దలు ఏమన్నారు? ఏమన్నా సరే రాయి. అగ్బెకో మామ నోరు తెరిచాడా? తెరవకపోతే నేనొచ్చి తెరిపిస్తాను.

ఎయ్రమ్

*

డోవికోపె,
ఏప్రిల్ చివర

ఎయ్రమ్‌కు,

నువ్వు రాకముందే రాస్తున్నాను.

సభ పెద్దాయన ఇంటి ముంగిట జరిగింది. నేల మీద మద్యం చిలకరించి మీ మామ పేరు పిలిచి మొదలుపెట్టారు. సంత ఆడవాళ్ళందరూ వచ్చారు, పిలవకుండానే. మామ్మ జిగ్బోడి ముందు కూర్చుంది. ఇక ఏముంది, తేలిపోయింది అనుకున్నాను.

అప్పుడు పెద్దాయన అన్నాడు, "అక్పెనే మొన్న చేసింది మేం విన్నాం. ఆమెకి మా అందరి దణ్ణాలు. కానీ డిసెంబర్లో జనం ఉండగా పంకా విరగ్గొట్టిందీ ఈమే. తనే చెప్పింది. చెయ్యి గొప్పదే, కాదనం. వయసొచ్చిన చెయ్యి ఒకసారి చెబుతుంది, ఒకసారి చెప్పదు. విరగ్గొట్టినవాడికి పిడి ఇవ్వడం ఈ రేవులో లేదు. అది మగవాడికైనా ఆడదానికైనా ఒకటే."

అందులో తప్పు లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. నేను చెప్పిన అబద్ధమే నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నిజం చెప్పాలంటే అగ్బెకోని అక్కడే అందరి ముందూ పడెయ్యాలి. నోరు రాలేదు.

అగ్బెకో నేల చూస్తూ కూర్చున్నాడు. అరటితోటలో పిట్టలు అరుస్తున్నాయి. పెద్దాయన, "అయితే పడవ అగ్బెకోకి" అనడానికి నోరు తెరిచాడు.

"ఆ పంకా విరగ్గొట్టింది నేను" అన్నాడు అగ్బెకో.

పెద్దాయన వినబడనట్టు చూశాడు. వాడు లేచి నిలబడి మళ్ళీ చెప్పాడు, ఈసారి అందరికీ వినబడేలా. "నేను. వదిన పక్కన కూర్చుని ఉంది, ఆపమంది, నేను ఆపలేదు. నా పరువు కోసం తన మీద వేసుకుంది. నాకు పిడి ఇవ్వకండి. ఇచ్చినా నేను తీసుకోను. ఆ మసకలో పిల్లల ఆట మైదానం దాటుతున్నప్పుడు నేను పడవ ముందు ఉన్నాను. నాకు కనిపించింది నీళ్ళే. వదిన ఊళ్ళోంచి నడుచుకుంటూ పోయింది."

మామ్మ జిగ్బోడి, "ఇంతసేపు పట్టిందేరా" అంది. అందరూ నవ్వారు, వాడు కూడా, పళ్ళ సందు కనిపిస్తూ, కళ్ళు తుడుచుకుంటూ.

పడవా ఇంజనూ నా చేతికిచ్చారు. ఎవరూ చేతులు చరచలేదు, పని అయిపోయినట్టు లేచారు, అంతే. నాకు అదే నచ్చింది.

మర్నాడు అగ్బెకో రేవుకొచ్చి, గడ పట్టుకోకుండా వెనక్కొచ్చి నా పక్కన నిలబడ్డాడు. వాడి చెయ్యి తీసి పిడి మీద పెట్టి, పైన నా చెయ్యి పెట్టాను. మెల్లగా ఓ మానుకి తగిలించాను. "ఇదేం చెట్టు?" అన్నాను. చాలాసేపు ఆలోచించి, "తాడి" అన్నాడు. బూరుగు. తప్పు చెప్పాడు. కానీ ఏదో విన్నాడు ఎయ్రమ్, అబద్ధం చెప్పలేదు.

అత్త

*

తేమా,
మే

అత్తా,

ఒఫోరీ గారికి చెప్పేశాను, వచ్చే శనివారం లారీలో వస్తున్నానని. "సెలవెందుకు?" అన్నాడు. "మా అత్త దగ్గర నేర్చుకోవాలి" అన్నాను. ఏం నేర్చుకుంటావని అడగలేదు. తిరిగి రమ్మని మాత్రం అన్నాడు, రెండుసార్లు.

నువ్వు పెద్దల ముందు నోరు మూసుకున్నందుకు నీతో పోట్లాడాలి. ఆ పోట్లాట ఒడ్డున చేద్దాం. పడవలో వద్దు.

అగ్బెకో మామకి చెప్పు, ఆయన చేసిన పని నాకు నచ్చిందని. ఆలస్యంగా చేశాడని కూడా చెప్పు. ఇంకొకటి కూడా చెప్పు. నేను వచ్చేసరికి ఆ పిడి మీంచి ఆయన చెయ్యి తీసెయ్యాలి. నేర్పడం మొదలుపెట్టావు, బాగానే ఉంది. కానీ వరసలో ముందు నేను.

ఎయ్రమ్